అతినీలలోహిత ఫిల్టరు పేరుతో వేరే గాజు అంటగడుతున్నారు, జాగ్రత్త

బరంపురం నుంచి పాత లెన్సులు, ఫిల్టర్లు పార్సిల్ పంపే ఆ వ్యాపారి పూల ఫొటోలు తీసే మనలో చాలామందికి తెలుసు. అతని దగ్గర అతినీలలోహిత ఫిల్టరు కొనకండి. ఇప్పుడే ఫోన్ పెట్టేశాను, కోపం ఇంకా చల్లారలేదు.

మాది పర్లాకిమిడి. మహేంద్రగిరి దిగువన పూసే విష్ణుక్రాంత, గడ్డిచామంతి లాంటి చిన్న పూలను మామూలు వెలుగులోనూ కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిలోనూ తీయాలని, సెన్సర్ ముందు ఆ కాంతిని ఆపే అడ్డుగాజు తీయించిన కెమెరా సిద్ధం చేసుకున్నాను. ఫిల్టరు 320 నుంచి 390 నానోమీటర్ల వరకే వదులుతుందని, పరారుణాన్ని (ఇన్‌ఫ్రారెడ్) పూర్తిగా ఆపుతుందని అతను రాసిచ్చాడు. 14,000 రూపాయలు ముందే కట్టించుకున్నాడు.

మొదటి ఫొటోలోనే ఆకులు తెల్లగా మెరిశాయి. అతినీలలోహితంలో పచ్చని ఆకు దాదాపు నల్లగా రావాలి. తెల్లగా వెలిగేది పరారుణంలో. పెరట్లోని పొద్దుతిరుగుడును తీశాను. రేకుల మొదళ్లు నల్లగా, కొసలు వెలుగుతూ రావాలి. మన కంటికి అందని ఆ వలయం తేనెటీగకు కనిపిస్తుంది, దాని కోసమే ఇంత తాపత్రయం. వలయం జాడే లేదు, రేకులన్నీ ఒకటే తెలుపు. చివరికి దానిమీద పరారుణాన్ని మాత్రమే వదిలే 720 నానోమీటర్ల ఫిల్టరు కూడా పెట్టాను. ఫ్రేము చీకటైపోవాలి, బొమ్మ స్పష్టంగా వచ్చింది! పంపింది ఊదా గాజు ఒక్కటే. పరారుణాన్ని ఆపే రెండో గాజు అందులో లేనే లేదు. సెన్సర్ అతినీలలోహితం కంటే పరారుణానికి ఎన్నో రెట్లు ఎక్కువగా స్పందిస్తుంది, కాస్త చొరబడినా ఫొటో అంతా దానిదే అవుతుంది.

ఇదంతా ఓపికగా చెప్పాను. డబ్బు చేరేదాకా సార్ అని పిలిచిన మనిషి ఒక్కసారిగా ఏకవచనంలోకి దిగాడు. "బొమ్మ వస్తోంది కదా, గడ్డిపూలకు ఇంత రాద్ధాంతమా? తేనెటీగ వచ్చి నీకు చెప్పిందా?" అని పకపకా నవ్వాడు. పక్కనున్న వాళ్లకు కూడా చెప్పి నవ్వించాడు. పెట్టె విప్పిన సరుకు వెనక్కి తీసుకోడట. విప్పకుండా పరీక్షించేది ఎలా? నా డబ్బు తిన్నదానికంటే, ఆ పూలను అంత చులకన చేసినందుకు ఒళ్లు మండిపోతోంది.

ఎవరి దగ్గర కొన్నా, ఆ ఫిల్టరుతో ఎండలో పచ్చని ఆకును తీసిన ఫొటో ముందు పంపమనండి. చీకట్లో పూలు మెరిసే ఫొటోలు చూపిస్తే నమ్మకండి, అవి అతినీలలోహిత టార్చి వేసి మామూలు కెమెరాతో తీసేవి. నేను వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫిర్యాదు చేశాను. అతని చేతిలో మోసపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే మీరూ చేయండి.