తాడెక్కే మెకానికల్ డివైస్ కొంటున్నారా? అరిగే భాగాలు ఎవరు మారుస్తారో ముందే అడగండి

చెట్లెక్కి కొమ్మలు కొట్టే పని చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఇన్నాళ్లూ ముడితాడుతో (ఎక్కే తాడుకి ముడివేసి పట్టు కోసం వాడే చిన్న తాడు) ఎక్కి, ఇప్పుడు ఆ ముడి పని చేసిపెట్టే మెటల్ సాధనం, అంటే మెకానికల్ డివైస్ కొందామని చూస్తున్నవాళ్లు చదవండి. నేను కొన్నది 14 నెలలకే పక్కన పెట్టాల్సి వచ్చింది.

డివైస్ పనితీరు మీద నాకు ఫిర్యాదు లేదు. మొదటి రోజే నచ్చేసింది. ముడి బిగుసుకుపోయే బాధ లేదు. వేళ్లతో నొక్కితే మెత్తగా దిగుతుంది, వదిలితే ఆగుతుంది. సాయంత్రానికి మణికట్టు నొప్పి కూడా ఉండేది కాదు. అందుకే దాదాపు రోజూ దాంతోనే ఎక్కాను.

తేడా మొదట ఒక వానరోజున తెలిసింది. కొమ్మ మీద కుదురుకుని రంపం అందుకోబోతుంటే జానెడు కిందికి జారాను. తాడు తడిసింది కదా, అందుకే అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను. వారం తిరక్కుండానే పొడి తాడు మీద కూడా జారింది. బరువు వేసి కూర్చోగానే పట్టాల్సింది, ఒక్క క్షణం ఆలస్యంగా పట్టేది. పైన ఉన్నప్పుడు ఆ ఒక్క క్షణం ఎంత టెన్షనో ఈ పనిలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

ఆ రోజు దిగిపోయి, తాడు తీసేసి, డివైస్‌ని వెలుతురులో పెట్టి చూశాను. పైపైన చూస్తే ఏమీ లేదు, రంగు కూడా సరిగ్గా పోలేదు. లోపల తాడును నొక్కి పట్టే లింకులకి చెట్టు బంక, రంపం పొట్టు కలిసి నల్లగా అట్టకట్టాయి. గోరువెచ్చని సబ్బునీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, గోరుతో తడిమితే అప్పుడు తగిలింది. తాడు రాసుకునే చోట గాడి పడింది. గాడికి ఒక పక్క అంచు పదునుగా తేలింది. తాడును వేళ్ల మధ్య తిప్పి చూస్తే పైతొడుగు దారాలు లేచి నూగు నూగుగా ఉన్నాయి. నన్ను మోసే తాడునే నా డివైస్ గీకుతోందన్నమాట.

అమ్మినవాళ్లకి ఫోటోలతో సహా పంపాను. అరుగుదల వారంటీ కిందికి రాదన్నారు. అది న్యాయమే, ఏ కంపెనీ అయినా దాదాపు అదే చెబుతుంది. నా గొడవ అది కాదు. కొనేటప్పుడు ‘అరిగే భాగాలన్నీ దొరుకుతాయి, మార్చుకుంటూ ఏళ్ల తరబడి వాడుకోవచ్చు’ అన్న మనిషే, ఇప్పుడు ‘ఈ మోడల్‌కి లింకులు విడిగా రావు, మొత్తం కొత్తది తీసుకోవాలి’ అన్నాడు. మొదటి మాట నోటిమాటే, కాగితం మీద లేదు. గట్టిగా అడిగితే పది రోజులకి ఒక లింకుల సెట్టు పంపించాడు. దాని మీద గుర్తు లేదు, నంబరు లేదు, సూచనల కాగితం లేదు. పిన్ను పెట్టి చూస్తే రంధ్రంలో ఆడుతోంది. అది బిగించి ఎక్కమంటాడా? నేను ఎక్కలేదు. దయచేసి మీరూ ఎక్కకండి.

చివరికి తయారీదారుకే సీరియల్ నంబరు పంపాను. జవాబులో రెండు సంగతులు తెలిశాయి. ఆ లింకుల్ని వాళ్లు అనుమతించిన సర్వీసువాళ్లే మార్చాలి, బయట విడిగా అమ్మరు. రెండోది, నేను ‘కొత్తది’ అని కొన్న పీసు అప్పటికే నాలుగేళ్ల కిందట తయారైన పాత వెర్షన్. ఆ నంబరు పెట్టె మీదా డివైస్ మీదా ఉంది. కొన్నరోజే చదివి అడిగి ఉంటే తేలిపోయేది.

ఇంత త్వరగా ఎందుకు అరిగిందో తర్వాత అర్థమైంది. తాడు కొమ్మ మీదుగా వచ్చి రెండు పాయలుగా కదిలే పద్ధతిలో, మనం 1 మీటరు దిగితే డివైస్‌లోంచి 2 మీటర్ల తాడు నడుస్తుంది. రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతామో లెక్కేసుకోండి. ఆ తాడు మట్టిలో పడి వచ్చిందైతే లోపలికి వెళ్లేది గరుకు కాగితమే. అల్యూమినియం దానికి ఎన్నాళ్లు ఆగుతుంది? ఒంటిపాయ మీద ఎక్కేవాళ్లకి తాడు కదలిక తక్కువే గానీ మనిషి బరువంతా ఆ ఒక్క పాయ మీదే పడుతుంది. రెండు పాయల కోసం చేసిన కొన్ని డివైస్‌లని ఒంటిపాయ మీద వాడాలంటే పైన అదనపు ఒరిపిడి సాధనం తప్పనిసరి. తాడు మందం కూడా డివైస్ మీద రాసి ఉన్న కొలతల్లోనే ఉండాలి. నేను మధ్యలో కొన్నాళ్లు అరిగి సన్నబడిన పాత తాడు వాడాను. జారడానికి అదీ తోడైంది.

ముడితాడు అయితే అరిగినా, కాలినా కంటికి కనబడుతుంది, మార్చడం కూడా తేలిక. మెటల్ అలా బయటపడదు. మెటలే కదా, జీవితకాలం వస్తుందన్న నమ్మకం వదిలేయండి. కొన్ని మాన్యువల్స్‌లో మెటల్ భాగాలకి వయసు పరిమితి రాయరు, నిజమే. కానీ అరుగుదల పరిమితి దాటితే, కొన్నది నిన్నే అయినా దాని ఆయుష్షు తీరినట్టే. మీ మోడల్‌కి ఆ పరిమితి ఎంతో, దాన్ని ఎక్కడ కొలవాలో మాన్యువల్‌లో వెతికి పెట్టుకోండి. ఎత్తు నుంచి పడకుండా కాపాడే సామాన్లకి 12 నెలలకి ఒకసారైనా తెలిసినవాళ్ల చేత తనిఖీ చేయించాలని యూరప్ ప్రమాణం ఈఎన్ 365 చెబుతుంది. రోజూ వాడేవాళ్లకి అది చాలదు. నేనిప్పుడు వారానికోసారి కడిగి, గోరుతో తడిమి, తేదీ వేసి ఫోటో తీసుకుంటున్నాను. ఒరిపిడి భాగాలకి మాత్రం నూనె పెట్టకండి, పట్టు పోతుంది.

కొనేముందు అమ్మేవాళ్లని ఇవి అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి: తయారీ తేదీ, వెర్షన్, అరిగే భాగాలు ఏవి, వాటిని ఎవరు మారుస్తారు, పంపితే ఎన్ని రోజుల్లో తిరిగొస్తుంది. సీరియల్ నంబరు చెరిగిపోయిన సెకండ్ హ్యాండ్ పీసు ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. తయారీదారులు ఏదైనా బ్యాచ్‌ని వెనక్కి పిలిస్తే నంబర్లతోనే పిలుస్తారు, ఆ నంబరే లేకపోతే మీది అందులో ఉందో లేదో ఎలా తెలుస్తుంది? నకిలీల బెడద కూడా ఉంది. 2011లో ఎక్కుడు సామాన్లు చేసే పెట్జల్ కంపెనీయే తన అసెండర్లకి (తాడు పట్టుకుని పైకి ఎక్కే క్లాంపులు), కప్పీలకి నకిలీలు తిరుగుతున్నాయని హెచ్చరిక ఇచ్చింది. చూపుకి అచ్చం అలాగే ఉంటాయి.

నా డివైస్‌ని మా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు అడిగాడు. ‘అన్నా, కింద నేల దగ్గరే ప్రాక్టీస్ చేసుకుంటా, నాకివ్వు’ అన్నాడు. ఇవ్వలేదు. ఈ రోజు నేల దగ్గర వాడింది రేపు చెట్టు మీదికి వెళ్లకుండా ఉండదు. వాడి ముందే వైస్‌లో బిగించి, హ్యాక్‌సా బ్లేడుతో లింకులు రెండుగా కోసేశాను. గాడి పడిన ముక్క వాడి చేతికిచ్చి, గోరుతో తడిమి చూడమన్నాను.