బెంగళూరు విమానాల మ్యూజియం: తప్పకుండా పోండి, రాత్రి మాత్రం ఉండొద్దండి

అనంతపురం నుంచి బెంగళూరు 210 కిలోమీటర్లు, బస్సు బాగుంది, టైముకి దిగినాం. చెప్పాల్సిందంతా మారతహళ్ళి పక్క మేం దిగిన లాడ్జి గురించే.

ఆన్‌లైన్‌లో రూము 1,400 అని చూపించినాడా, రాత్రి తొమ్మిదికి పోతే కౌంటర్లో ఉన్నాయన ఆధార్లు చూసి బయటూరోళ్ళకి 1,800 అంటాడు. బుడ్డోనికి ఇంకో పరుపు 400, వేణ్ణీళ్ళు బకెట్ 40, ఏసీ రిమోట్ కావాలంటే 500 డిపాజిట్. సరే పోనీలే అని పడుకుంటే పొద్దున తొమ్మిదికి తలుపు బాది, పదింటికి ఖాళీ చేయాల, దాటితే సగం రోజు చార్జీ అంటాడు. ఏం న్యాయమప్పా ఇది? రెండు బకెట్లతో కలిపి 2,280 కట్టినాం, ఆ డిపాజిట్ వెనక్కి రాబట్టేకి ముప్పావు గంట గొడవ. మా మామ అయితే ఇడ్లీ కూడా తినలేదు, ఊరికి పోదాం పదండని ఒకటే పోరు, నా భార్య ఆయనకి సర్ది చెప్పలేక అలసిపోయింది.

మ్యూజియం టికెట్టు మేం పోయినప్పుడు పెద్దోళ్ళకి 50. విమానాలు తయారుచేసే ప్రభుత్వ కంపెనీ హెచ్‌ఏఎల్ వాళ్ళు 2001లో పెట్టినారు. 1940లో వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త ఈ కంపెనీ మొదలుపెట్టిన కాడి నుంచి చరిత్ర ఉంది. మామ మూతి ముడుచుకునే నడుస్తా ఉన్నాడు, ఇంజిన్ల కాడికి వచ్చేసరికి మనిషే మారిపోయినాడు. బస్ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి ఆయన. ఆర్ఫియస్ జెట్ ఇంజిన్ ముందర మనవణ్ణి నిలబెట్టి, "దీంట్లో పిస్టన్లుండవురా, ముందర గాలి నొక్కే రెక్కలు, నడుమ మంట, వెనక టర్బైన్, ఆ టర్బైనే ముందర రెక్కల్ని తిప్పుతాది" అని చెప్తా ఉంటే పక్కనోళ్ళు కూడా ఆగి విన్నారు.

బయట మారుత్ యుద్ధ విమానం ఉంది, నాకు అన్నిటికంటే అదే నచ్చింది. జర్మనీ నుంచి వచ్చిన కుర్ట్ టాంక్ డిజైన్ చేసినాడు, ముందు చెక్కతో గ్లైడర్ చేసి డకోటా విమానంతో లాగించి గాల్లో పరీక్ష చేసినారంట, అసలు విమానం ఎగిరింది 1961 జూన్ 17న. ధ్వనికి రెండింతల వేగం పోవాలని ప్లాను, కానీ తగిన ఇంజిన్ దొరకలేదు, ఆ ఆర్ఫియస్‌లే రెండు పెట్టి సరిపెట్టినారు. లారీ చాసిస్‌కి జీపు ఇంజిన్ బిగించినట్లు అని మామ చానా బాధపడినాడు. అయినా 1971 యుద్ధంలో రాజస్థాన్ పక్క బాగా పనిచేసింది. మొత్తం 147 చేసినారు, ఇప్పుడు ఒక్కటీ ఎగరదు, ఇట్లా నిలబెట్టినవే మనకి మిగిలింది. అందుకే దాచాలంటాను. విమానాన్ని ఎండకి వదిలేస్తే కాక్‌పిట్ మీది అద్దంలాంటి ప్లాస్టిక్ నెర్రెలిస్తాది, రివెట్ల సందుల్లో నీళ్ళు నిలిచి అల్యూమినియం తెల్లగా పొడిపొడి అయితాది, తర్వాత ఎంత రంగేసినా లాభం లేదు. "నేను రిపేరు చేసిన పాత బస్సులన్నీ వేలంలో పోయినాయి, ఒక్కటన్నా పెట్టుకోలేదు" అన్నాడు మామ.

మన జిల్లా రైతులు బసంత్‌ని కూడా చూడండి, పంటలకి మందు కొట్టేకి చేసిన విమానం, 1972లో ఎగిరింది, 39 మాత్రమే చేసినారు. శెనక్కాయ చేన్లో వీపున పంపు మోసిన నాకు దాన్ని చూస్తే ఏదో అయింది, చానాసేపు అక్కడే నిలబడినా.

తెల్లారి ఐదింటి బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం లోపలే చేరతారు, చూసి రాత్రికి ఇంటికి రావచ్చు, లాడ్జి పనే లేదు. పదిమందికి చెప్పండి. మామ ఇప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో పెట్టిన నేవీ టీయూ-142 చూడాలని పట్టుబట్టినాడు. 29 ఏళ్ళు సర్వీసు చేసిన విమానమది. సంక్రాంతి తర్వాత పోతాం, అక్కడ నమ్మకమైన రూము ఎవరికైనా తెలిస్తే రేటుతో సహా చెప్పండి.