జాగ్రత్త: మీ సీఆర్ఎం అడ్మిన్ కీని ఏఐ ఏజెంటుకు ఇవ్వనివ్వకండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వ్యాపారం చేస్తూ, పార్టీల (సరుకు కొనేవారి) వివరాలను సీఆర్ఎంలో, అంటే కస్టమర్ల ఖాతాలు ఉంచుకునే సాఫ్ట్‌వేరులో పెట్టుకుని, దానికి ఏఐ ఏజెంటును, అంటే అడిగిన పనిని తనంతట తాను చేసే ఏఐ ప్రోగ్రామును కలపాలని ఆలోచిస్తున్న వారందరికీ ఈ హెచ్చరిక. సీఆర్ఎంను తెలుగులో అడిగితే జవాబు చెప్పేస్తుందని చూపించి ఒప్పందాలు చేసుకునే అమ్మకందారులు ఇప్పుడు మన ఊళ్లకూ వస్తున్నారు. వారు చూపించినంత వరకు అది నిజమే. చూపించకుండా వదిలేసిన దానివల్ల పలాసలోని మా జీడిపప్పు వ్యాపారానికి ఏం జరిగిందో చెబుతాను.

మాకిచ్చిన కొటేషన్‌లో ఏజెంటు పని స్పష్టంగా రాసి ఉంది: బాకీలు, పాత ఆర్డర్లు, ధరలు చదివి మా సిబ్బంది అడిగిన ప్రశ్నలకు సమాధానం చెప్పడం. దేన్నైనా మారుస్తుందన్న మాట అందులో ఎక్కడా లేదు. అయితే అమర్చడానికి వచ్చిన వారి మనిషి అన్ని అధికారాలూ ఉండే అడ్మిన్ హోదాతో ఏపీఐ కీ (ఒక ప్రోగ్రాము సీఆర్ఎంలోకి ప్రవేశించడానికి వాడే రహస్య సంకేతం) తయారు చేసి, దాన్నే ఏజెంటుకు ఇచ్చారు. దాంతో వెతికే టూల్‌తో (టూల్ అంటే ఏజెంటు వాడుకోగలిగే ఒక్కో పని) పాటు రికార్డులు సవరించే టూల్, రెండు రికార్డులను కలిపే టూల్, వాట్సాప్ సందేశం పంపే టూల్ కూడా దానికి అందుబాటులోకి వచ్చాయి.

మాకు వేంకటేశ్వరస్వామి పేరు పెట్టుకున్న పార్టీలు రెండున్నాయి, ఒకటి టెక్కలిలో, మరొకటి పార్వతీపురంలో. మన ప్రాంతంలో ఇది సర్వసాధారణం. ఈ పేరుతో రెండు ఖాతాలు ఎందుకు కనిపిస్తున్నాయని మా గుమస్తా ఏజెంటును అడిగారు. అడిగింది ప్రశ్న మాత్రమే. ఏజెంటు ఆ రెండూ ఒకే పార్టీవని తేల్చుకుని, కలిపివేసి, డూప్లికేట్ సమస్య పరిష్కారమైందని జవాబిచ్చింది. టెక్కలి వారి బాకీ పార్వతీపురం వారి ఖాతాలో పడింది, రెండు ఫోన్ నంబర్లలో ఒకటే మిగిలింది. మర్నాడు బాకీ గుర్తుచేసే సందేశం, టెక్కలి వారికి మాత్రమే ఇచ్చిన డబ్ల్యూ 320 రకం గుండు జీడిపప్పు ధరతో సహా, మాకు ఒక్క రూపాయి కూడా ఇవ్వవలసిన అవసరం లేని పార్వతీపురం వారికి చేరింది. మా నాన్నగారి కాలం నుంచి మా దగ్గర సరుకు తీసుకుంటున్న ఆ పెద్దాయన ఫోన్ చేసి, "బాబూ, మా ఖాతా ఎప్పుడైనా ఆగిందా?" అని అడిగారు. ధర సంగతి ఆయన ఎత్తలేదు, కానీ చూశారని మాకు తెలుసు.

చాలా సీఆర్ఎంలలో రికార్డులను కలపడం తేలిక, కలిపినవాటిని మళ్లీ విడదీసే మార్గం ఉండదు. బిల్లు పుస్తకాలు ముందు పెట్టుకుని ఆ రెండు ఖాతాలనూ చేత్తో తిరిగి రాసుకోవలసి వచ్చింది. అంతకంటే కలవరపెట్టిన విషయం మరొకటి ఉంది. ఇంకేమేం మార్చిందో తెలుసుకుందామని మార్పుల చరిత్ర తెరిస్తే ప్రతి వరుసలోనూ అడ్మిన్ పేరే ఉంది. ఏజెంటు అడ్మిన్ కీతోనే పనిచేసింది కనుక, మనిషి చేసిన మార్పు ఏదో, అది చేసిన మార్పు ఏదో విడదీసి చూడడం సాధ్యపడలేదు.

ఏజెంటును నడిపే ఏఐ మోడల్ పొరపడిందనీ, తరువాతి వెర్షన్‌లో సర్దుకుంటుందనీ అమ్మకందారు సమాధానమిచ్చారు. ఈ వాదనను నేను అంగీకరించను. మోడల్ ఏ రోజైనా పొరపడవచ్చు. కలిపే టూల్ దానికి ఇవ్వకుండా, కీకి ఆ అనుమతి లేకుండా ఉంటే, ఎంత పొరపడినా రికార్డులు కలిసేవి కావు. తమది ఎంసీపీ (మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్) ప్రమాణం కనుక భయం లేదని కూడా వారు అన్నారు. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన ఈ ప్రమాణం, ఏజెంటు టూళ్లను ఎలా తెలుసుకోవాలో, ఎలా పిలవాలో చెబుతుందే తప్ప, మీ సీఆర్ఎంలో ఆ కీకి ఎంత అధికారం ఉండాలో నిర్ణయించదు. ఒక టూల్ చదవడానికి మాత్రమేనని దాని వివరణలో రాసి ఉన్నా అది కేవలం సూచన. నమ్మకమైన సర్వర్ (టూళ్లను అందించే ప్రోగ్రాము) నుంచి వచ్చినది కానప్పుడు ఆ సూచనను నమ్మవద్దని ఆ ప్రమాణమే చెబుతోంది. టూల్ పిలుపును మనిషి ఆపగలిగేలా ఉండాలనీ అందులో ఉంది. మా దగ్గర ఆ అనుమతి అడిగే తెరను వేగం కోసమని తీసివేశారు.

బయటివారి వల్ల వచ్చే ప్రమాదం వేరే ఉంది. వెబ్‌సైటులోని ఎంక్వైరీ ఫారంలో ఎవరైనా ఏజెంటును ఉద్దేశించి ఆదేశాలు రాస్తే, అవి సీఆర్ఎంలో చేరి, ఏజెంటు వాటిని చదివినప్పుడు యజమాని ఆదేశాలుగా పాటించే అవకాశం ఉంది. సీఆర్ఎం అమ్మే పెద్ద సంస్థ సేల్స్‌ఫోర్స్ వారి ఏఐ ఏజెంటు వేదిక ఏజెంట్‌ఫోర్స్‌లో సరిగ్గా ఇలాంటి లోపాన్నే నోమా సెక్యూరిటీ సంస్థ 2025 సెప్టెంబరులో బయటపెట్టింది. ఫారంలోని వివరణ గడిలో దాచిన ఆదేశంతో కస్టమర్ల సమాచారాన్ని బయటికి పంపించవచ్చని వారు నిరూపించారు. సేల్స్‌ఫోర్స్ నమ్మదగినవాటి జాబితాలో ఉండి, గడువు తీరిపోయిన ఒక డొమైన్‌ను (వెబ్ చిరునామాను) 5 డాలర్లకు కొనడమే అందుకు సరిపోయింది. సేల్స్‌ఫోర్స్ ఆ లోపాన్ని సరిచేసింది. అంత పెద్ద సంస్థకే తప్పని ముప్పు, మనకు అమ్మేవారి దగ్గర ఉండదని ఎలా అనుకుంటాం?

కాబట్టి డబ్బు కట్టే ముందు, ఏజెంటుకు సీఆర్ఎంలో వేరే యూజర్‌ను, దాని సొంత పేరుతో, చదివే అనుమతితో మాత్రమే సృష్టిస్తామని రాతపూర్వకంగా తీసుకోండి. టూళ్ల జాబితాను ఒక్కొక్క పేరుతో అడగండి. తొలగించేదీ, కలిపేదీ, సందేశం పంపేదీ అందులో ఉంటే, ఎందుకు కావాలో వారి చేతనే చెప్పించండి. సవరించే పని నిజంగా అవసరమైతే ప్రతిసారీ మీ సిబ్బంది సరేనన్న తరువాతే జరగాలి. పరీక్షకు అసలు ఖాతాలను కాకుండా నకలును ఇవ్వండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మన తరఫున ఎవరు ఆ సమాచారాన్ని వాడినా బాధ్యత మనదే. రక్షణ చర్యలు తీసుకోకపోతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చని అందులో ఉంది.

ఇప్పటికే అమర్చుకున్నవారు ఈరోజే సీఆర్ఎం సెట్టింగులు తెరిచి, ఏయే కీలు ఎవరి హోదాతో పనిచేస్తున్నాయో చూడండి. ఒప్పందం రద్దయినంత మాత్రాన కీ రద్దు కాదు. మేము సేవ ఆపేసిన తరువాత కూడా ఆ అడ్మిన్ కీ పనిచేస్తూనే ఉంది. అమ్మకందారు దాన్ని తీయలేదు, మేమే వెళ్లి తొలగించాము.