నాన్న లెదర్ జాకెట్: సాగదీసి, పట్టీలు వేయించి, నాలుగు చలికాలాలు తొడిగాక

నాన్న ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేటప్పుడు, 1992 చలికాలంలో కలకత్తా న్యూ మార్కెట్‌లో కొన్న నల్ల జాకెట్ ఇది. రిటైరై విజయనగరం వచ్చేశాక ఆయన దాన్ని పెద్దగా తొడగలేదు. బీరువాలో కలరా ఉండల మధ్య వేలాడుతూ ఉండేది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఆ గది గోడలు నానిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు. తర్వాత బీరువా తెరిస్తే జాకెట్ భుజాల మీద తెల్లగా బూజు. అమ్మ తుడిచి మళ్లీ అక్కడే పెట్టేసింది. 2021 నవంబర్‌లో నేను బయటికి తీశాను. అప్పటికి నాన్న పోయి ఏడాది.

తొడిగితే జిప్ పడలేదు. నా ఛాతీ 42 అంగుళాలు, జాకెట్ లోపలి కొలత 41. చొక్కా మీద హాయిగా ఉండాలంటే ఇంకో మూడు నాలుగు అంగుళాలు కావాలి. కానీ భుజాలు, చేతుల పొడవు సరిగ్గా సరిపోయాయి. అందుకే దాని మీద డబ్బు పెట్టడానికి ధైర్యం చేశాను. మీ దగ్గరా ఇలాంటిది ఉంటే ముందు భుజాలు చూడండి. భుజం కుట్టు చేతి మీదికి రాకుండా మెడ వైపే ఆగిపోతే దాన్ని వదిలేయడం మేలు, అక్కడ ఎవరూ ఏమీ చేయలేరు. అది నిజంగా తోలేనా, రెక్సినా అన్నది కూడా చూసుకోండి. పైపొర పొలుసుల్లా రాలుతూ కింద బట్ట కనిపిస్తే అది రెక్సిన్. దానికి ఏ నూనే పనిచేయదు.

మొదట బూజు పని పట్టాను. సర్జికల్ స్పిరిట్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి పిండి తుడిచాను. ముందు కాలర్ కింద కనిపించని చోట రుద్ది చూశాను, ఎందుకంటే స్పిరిట్ రంగును కూడా లేపేస్తుంది. కొద్దిగా నలుపు గుడ్డకి అంటింది గానీ మచ్చ పడలేదు. తర్వాత రెండు రోజులు ఫ్యాన్ కింద ఉంచాను.

ఆ తర్వాత తప్పు చేశాను. ఇంట్లో అందరూ కొబ్బరినూనె రాయమన్నారు, రాశాను. తోలు మెత్తబడింది, నిగనిగలాడింది, చాలా సంతోషపడ్డాను. డిసెంబర్‌లో జిప్ వేసుకోకుండానే తొడుక్కుని, బండి మీద శృంగవరపుకోట మీదుగా అరకు వెళ్లాను. అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి చేతుల మీద, జేబుల అంచుల్లో తెల్లటి పూత తేలింది. మళ్లీ బూజే అనుకుని గుండె జారిపోయింది. హోటల్ దగ్గర టీ గ్లాసు పట్టుకున్న వెచ్చటి వేలితో రుద్దితే కరిగిపోయింది. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది కదా, మన ఇంటి సీసాలో జరిగేదే తోలు లోపలా జరిగింది. పైగా మోచేతుల దగ్గర రంగు శాశ్వతంగా ముదిరిపోయింది. ఇప్పుడు గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్ ఉన్న క్రీమ్ వాడుతున్నాను. ఏడాదికి రెండుసార్లు, చాలా పలచగా. నాలుగేళ్లలో తెల్ల పూత మళ్లీ రాలేదు.

ఇక సాగదీయడం. తోలంటే సన్నటి పీచుల అల్లిక. పచ్చి చర్మాన్ని ఊని తోలుగా మార్చేటప్పుడు ఆ పీచుల మధ్యకి నూనె ఎక్కిస్తారు, అందుకే అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి. ఏళ్ల తరబడి పడి ఉంటే ఆ నూనె తగ్గిపోతుంది, పీచులు బిగుసుకుంటాయి. ఆ స్థితిలో లాగితే సాగదు, పగులుతుంది. కాబట్టి ముందు క్రీమ్, వారం తర్వాత సాగదీత.

రెండు పాళ్ల నీళ్లకి ఒక పాలు స్పిరిట్ కలిపి, బిగుతుగా ఉన్న చోట్ల చెమ్మ తగిలేంతవరకే స్ప్రే చేసేవాడిని. లోపల మందపాటి స్వెట్టర్ వేసుకుని, జాకెట్ తొడిగి, నలభై నిమిషాలు ఇంట్లో తిరిగేవాడిని. చేతులు ముందుకు చాపడం, పైకెత్తడం, అటక మీద సామాన్లు సర్దడం. తర్వాత లోపల తువ్వాళ్లు కుక్కి నీడలో ఆరబెట్టేవాడిని. ఎండలో వద్దు, హెయిర్ డ్రయ్యర్ అసలే వద్దు. తడిగా ఉన్న తోలుకి వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుంది, అలా ముడుచుకున్నది తిరిగి రాదు. ఇలా ఆరుసార్లు చేశాను.

వీపు, మోచేతులు బాగా వదులయ్యాయి. ఛాతీ చుట్టూ పెరిగింది ముప్పావు అంగుళం. ఏడాది తర్వాత మళ్లీ కొలిస్తే అందులో సగం వెనక్కి పోయింది. రెండు మూడు అంగుళాలు సాగుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. తోలు సాగినా లోపలి లైనింగ్ సాగదు, కుట్టు సాగదు. ఐదోసారికి ఎడమ చంక దగ్గర పాత దారం టప్పున తెగింది. తోలే చిరిగిందనుకుని ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో.

అసలు కొలత పట్టీలతోనే, అంటే పక్క కుట్లు విప్పి మధ్యలో కలిపే తోలు ముక్కలతోనే వచ్చింది. ఊళ్లో ఇద్దరు టైలర్లు ముట్టుకోలేదు. చివరికి గంటస్తంభం వైపు కారు సీటు కవర్లు కుట్టే ఒక షాపులో పెద్దాయన తీసుకున్నారు. జాకెట్ తిరగేసి, కుట్టంతా వేలితో తడిమి, "బాబూ, తోలుకి సూది గుచ్చితే ఆ కన్నం మరి పూడదు. పక్కన ఇంకో వరస కుట్టేనంటే స్టాంపు సింపినట్టు సిరిగిపోద్ది. పాత కన్నాల్లోనే కుట్టాల, టైం పడుతుంది" అన్నారు. "ఎన్నాళ్లయినా పర్లేదు మేస్త్రీ గారూ, తొందరేం లేదు" అన్నాను. కన్నాల గురించి ఆయన అన్న మాట విన్నాకే జాకెట్ ఆయనకి అప్పగించాలనిపించింది. చెన్నై వెళ్తున్న స్నేహితుడితో అక్కడ తోలు దుకాణాలుండే పెరియమేట్ నుంచి నల్ల మేకతోలు ఒకటి తెప్పించాను. ఒక చర్మం నాలుగైదు చదరపు అడుగులు ఉంటుంది, అది చాలు.

ఆయన నడుము అంచు నుంచి చంక దాకా రెండు పక్కలా కుట్లు విప్పి, ఒక్కో వైపు ఒకటిన్నర అంగుళం పట్టీ కలిపారు. పట్టీని చంక దగ్గర ఆపేయకుండా చేతి లోపలి కుట్టులోకి జానెడు పొడవు కోసుగా పొడిగించారు. దీనివల్లే చెయ్యెత్తితే జాకెట్ మొత్తం పైకి లేవడం లేదు. లైనింగ్‌లోనూ అంతే వెడల్పు గుడ్డ కలిపించాలి. అది మర్చిపోతే పైన చేసినదంతా వృథా. మూడు వారాలు పట్టింది, కూలి 1,800 రూపాయలు. ఇంటికి తెచ్చి జిప్ వేసుకుంటే ఆగకుండా పైదాకా వెళ్లింది. అమ్మ ఏమీ అనలేదు, కాలర్ సరిచేసి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎలా ఉందంటే, పట్టీల కుట్టు ఒక్క చోటా ఊడలేదు. కొత్త తోలు నలుపు, పాత తోలు నలుపు ఒకటి కాదు. ఎండలో తేడా తెలుస్తుంది. చేతులు కిందికి ఉంటే కనిపించదు కాబట్టి నాకది ఇబ్బంది కాలేదు. కాలర్‌కి రంగు కూడా వేశాను, అది మాత్రం మొదటి నెలంతా చొక్కాలకి అంటింది.

మన ఊళ్లో దీనికి అసలు శత్రువు వానాకాలం. జూన్ నుంచి తుపాన్ల సీజన్ అయ్యేదాకా పదిహేను రోజులకోసారి బయటికి తీసి ఫ్యాన్ కింద వేస్తాను. ప్లాస్టిక్ కవర్ పనికిరాదు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. నాన్న పాత పంచెతో సంచిలా కుట్టించి తొడిగాను. సన్నటి తీగ హ్యాంగర్ భుజాల్లో గుంట పెడుతుంది కాబట్టి వెడల్పాటి చెక్క హ్యాంగర్ వాడుతున్నాను. 2023లో పెళ్లి పనుల్లో పడి నెలన్నర పట్టించుకోలేదు. మళ్లీ బూజు పట్టింది, అదే భుజాల మీద.

మిగిలింది జిప్. అది కొన్నప్పటి ఇత్తడిదే, కింద రెండు పళ్లు అరిగిపోయి ఒక్కోసారి పట్టు తప్పుతోంది. ప్లాస్టిక్‌ది వెంటనే వేసిస్తామని షాపులో అన్నారు గానీ ఒప్పుకోలేదు. అదే కొలత ఇత్తడి జిప్ దొరికాక మళ్లీ ఆ పెద్దాయన దగ్గరికే తీసుకెళ్తాను.