చెరువు పూడిక: అడుగునే ఉంచాలా, పొలానికి తోలాలా?

2015లో తెలంగాణలో చెరువులు బాగుచేసే మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి పూడిక మట్టి అంటే మన రైతులకు బంగారమే. కానీ వరంగల్ లాంటి పట్నంలో మురుగు కాలువలు కలిసే చెరువు సంగతి వేరు.

అడుగున ఉన్నంతకాలం ఆ బురదకు గాలి తగలదు. పారతో ఎత్తి చూస్తే నల్లగా ఉంటుంది, కుళ్లిన గుడ్డు వాసన. ఆ నలుపు చాలావరకు ఐరన్ సల్ఫైడ్, అంటే ఇనుము, గంధకం కలిసినది. కాడ్మియం, జింక్, సీసం కూడా సల్ఫైడ్‌లుగా బిగుసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లలోకి పెద్దగా రావు. డీజిల్, ఇంజిన్ ఆయిల్ మాత్రం ఏళ్లకేళ్లు అలాగే పడి ఉంటాయి.

అదే మట్టిని ట్రాక్టర్‌లో తోలితే లెక్క తిరగబడుతుంది. గాలి తగిలాక బ్యాక్టీరియా ఆయిల్‌ను త్వరగా విరగ్గొడుతుంది, మంచిదే. కానీ సల్ఫైడ్ కూడా విరిగి లోహాలు వదులవుతాయి. మడి ఆరగట్టినప్పుడు కాడ్మియం వరి వేర్లకు సులువుగా అందుతుంది.

విరిగితే విషం పోయినట్టేనా? పత్తి మీద ఒకప్పుడు తెగ కొట్టిన ఎండోసల్ఫాన్‌నే చూడండి (2011లో సుప్రీంకోర్టు ఆపించింది). నేలలోని సూక్ష్మజీవులు దాన్ని ఎండోసల్ఫాన్ సల్ఫేట్‌గా మారుస్తాయి. విషంలో అసలుకు తీసిపోదు, పైగా ఇంకా మొండిది. నీటితో చర్య జరిగి డయోల్‌గా మారితే మాత్రం విషం బాగా తగ్గుతుంది. డీడీటీ గాలి ఉన్నచోట డీడీఈ, లేనిచోట డీడీడీ అవుతుంది. రెండూ ఓ పట్టాన వదలవు.

నా ఓటు? ఊరి చెరువు మట్టి పొలానికే. మురుగు చెరువుదైతే ల్యాబ్ రిపోర్ట్ వచ్చేదాకా ట్రాక్టర్ కదలొద్దు. ఆ టెస్టులో పురుగుమందులే కాదు, అవి విరిగాక మిగిలేవి కూడా ఉండేలా అడగండి.