ఎనిమిదేళ్లు ఫ్లైబేస్ వాడాక

తోతాపురి కాయలు మాగేసిన గదిలో ముసురుకునే సన్న ఈగలు మా చిత్తూరు వైపు అందరికీ తెలుసు. రైతులు పండు ఈగ అనేది వేరు, అది కాయను కుట్టి లోపల గుడ్లు పెడుతుంది. నేను పనిచేసేది ఆ సన్న ఈగల మీద, అంటే డ్రోసోఫిలా మీద. తిరుపతిలో ఈ పరిశోధనలో చేరి ఎనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో ఈ ఈగల జన్యువుల ఆన్‌లైన్ డేటాబేస్ ఫ్లైబేస్ తెరవకుండా ఒక్క క్రాస్ (ఎంచుకున్న ఆడ, మగ ఈగలను జత కలపడం) కూడా వేయలేదు.

ఈ డేటాబేస్ 1992లో మొదలైంది. 2000లో ఈగ జీనోమ్, అంటే దాని డీఎన్‌ఏ, చాలావరకు చదివారు. ప్రొటీన్ తయారుచేసే జన్యువులు దాదాపు 14,000. ఒక్కోదానికి ఇందులో ఒక పేజీ ఉంటుంది. జన్యువు ఏ క్రోమోజోమ్ మీద ఉంది, ఏ కణజాలంలో పనిచేస్తుంది, పాడైతే ఈగకు ఏమవుతుంది, మనిషిలో దానికి సాటి జన్యువు ఏది, అన్నీ అక్కడే దొరుకుతాయి. వీటిలో చాలా సమాచారాన్ని క్యూరేటర్లు పేపర్లు చదివి, ఏ మాట ఏ పేపర్ నుంచి వచ్చిందో చూపిస్తూ ఎక్కించారు. నాకు దీని మీద నమ్మకం కుదిరింది అందుకే.

మొదటి ఏడాది నేను చేసిన పొరపాటు చెప్పాలి, కొత్తవాళ్లకు పనికొస్తుంది. ఈగలను పెంచే ఒక పాత వయల్ (చిన్న సీసా) మీద మార్కర్‌తో రెండూ పెద్దక్షరాల్లో డీఎల్ అని రాసి ఉంది. డోర్సల్ అనే జన్యువు అనుకుని, అది రెండో క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి దానికి తగిన బ్యాలెన్సర్‌తో (జన్యుమార్పును తరతరాలు చెదరకుండా కాపాడే ప్రత్యేక క్రోమోజోమ్ ఉన్న ఈగలతో) క్రాస్ వేశాను. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి పది రోజులు. రెండు తరాలు గడిచాయి, లెక్కలు ఎంతకీ కుదరలేదు. చివరికి రెక్కలు మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే, ఈనెలు అంచును తాకేచోట వెడల్పుగా విచ్చుకుని ఉన్నాయి. ఆ లక్షణంతో ఫ్లైబేస్‌లో వెతికితే డెల్టా పేజీ వచ్చింది. నది సముద్రంలో కలిసేచోట పాయలుగా విడిపోయినట్టు కనిపిస్తాయి కాబట్టే ఆ పేరు. డెల్టా ఉండేది మూడో క్రోమోజోమ్ మీద. దాని గుర్తు పెద్ద డీ, చిన్న ఎల్. డోర్సల్‌కు రెండూ చిన్నక్షరాలే. ఒక్క అక్షరం తేడాకు మూడు వారాలు పోయాయి. అప్పటినుంచి వయల్ మీద గుర్తుతోపాటు, ఆ జన్యువుకు ఫ్లైబేస్ ఇచ్చిన నంబర్ కూడా రాస్తాను.

ఆ నంబర్ విలువ పాత పేపర్లు చదివేటప్పుడు ఇంకా తెలుస్తుంది. మనుషుల్లో పార్కిన్సన్స్ జబ్బుతో ముడిపడిన పింక్1 జన్యువుకు ఈగలోనూ జోడీ ఉంది. పాత జాబితాల్లో అది సీజీ4523. ఏ పేరుతో వెతికినా ఒకే పేజీకి తీసుకెళ్తుంది, పాత పేర్లన్నీ అక్కడే ఉంటాయి.

ఇక స్టాక్‌ల సంగతి, అంటే ఒక్కో జన్యుమార్పు ఉన్న ఈగలను లైన్లుగా బతికించి ఉంచడం. మే నెలలో తిరుపతి ఎండ ఈగలకు గండం. ముప్పై డిగ్రీలు దాటితే మగ ఈగలకు సంతానశక్తి పోతుంది. ఒక వేసవిలో కరెంటు పోయి, ఇంక్యుబేటర్ ఆగి, ఒక లైన్ మొత్తం చచ్చిపోయింది. ఆ రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో! ఫ్లైబేస్ పేజీలో ఆ అల్లీల్ (జన్యువు మారిన రూపం) ఏ స్టాక్ సెంటర్లలో ఉందో రాసి ఉంటుంది. అమెరికాలోని బ్లూమింగ్టన్ స్టాక్ సెంటర్ నుంచి తెప్పించాలంటే అనుమతులు, ఎదురుచూపులు. నంబర్ పట్టుకుని ముందు బెంగళూరులో అడిగాం. అదే లైన్ అక్కడ ఉంది. థర్మాకోల్ పెట్టెలో నాలుగు వయల్స్ బస్సులో వచ్చాయి.

లోపాలూ ఉన్నాయి. పేజీ నిండా సమాచారం కిక్కిరిసి ఉంటుంది, కొత్త విద్యార్థికి ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. పైన ఉండే క్లుప్త పరిచయం చదివి, తర్వాత అల్లీల్‌లకు వెళ్లమని చెబుతాను. ఫినోటైప్ (జన్యువు పాడైతే కనిపించే లక్షణాలు) భాగం ఖాళీగా ఉంటే ఆ జన్యువుకు పని లేదని కాదు, ఇంకా ఎవరూ చూడలేదని. ఇది తెలియక మంచి జన్యువులను వదిలేసినవాళ్లను చూశాను. ఏడాదిలో చాలాసార్లు కొత్త విడుదల వస్తుంది కాబట్టి, థీసిస్‌లో ఏ విడుదల వాడారో తప్పకుండా రాయండి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది నిధుల సంగతి. ఫ్లైబేస్‌ను నడిపే సంస్థల్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఒకటి. 2025లో అమెరికా ప్రభుత్వం హార్వర్డ్‌కు పరిశోధన నిధులు ఆపినప్పుడు ఫ్లైబేస్‌కూ దెబ్బ తగిలింది. ఉద్యోగులు పోయారు, ల్యాబులను విరాళాలు అడగాల్సి వచ్చింది. మొక్కల వాళ్లకు ఇది ముందే అనుభవం. పరిశోధనల్లో వాడే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్క డేటాబేస్ టెయిర్ 2013లోనే చందా పద్ధతికి మారింది. మొక్కల మీద పనిచేసే మా మిత్రురాలు కొన్ని పేజీలు చూసేసరికి ఆ సైటు చందా కట్టమంటుంది, ఆ నెలకు అక్కడితో సరి. ఈగల వాళ్లకు ఆ గతి పట్టకూడదు. మనలాంటి చిన్న ల్యాబులకు ఇది ఉచితంగా ఉండటమే పెద్ద ఆసరా.

ప్రతి విడుదల ఫైళ్లు దించి ల్యాబ్ హార్డ్‌డిస్క్‌లో దాస్తున్నాను. మన పేపర్ అచ్చయితే అందులో ఏ జన్యువులున్నాయో మనమే ఫ్లైబేస్‌కు తెలిపే ఫారం ఉంది, అరగంట పని. అది నింపండి. పేపర్‌లో ఫ్లైబేస్‌ను రిఫరెన్స్‌గా చేర్చండి. దాన్ని ఎంతమంది వాడుతున్నారో నిధులిచ్చేవాళ్లకు కనిపించేది అక్కడే.