కొన్న నక్షత్రమా, ఇంట్లో కట్టిన నక్షత్రమా?

డిసెంబర్ వస్తోందంటే మా ఇంట్లో క్రిస్మస్ నక్షత్రం గురించి ఇదే చర్చ. గుంటూరు బజార్లో ఎల్‌ఈడీ నక్షత్రం కొనుక్కొస్తే పది నిమిషాల్లో వరండాలో వెలుగుతుంది. ఇంట్లో కట్టాలంటే ఒక ఆదివారం మధ్యాహ్నమంతా పడుతుంది. రెండూ చేసి చూశాం కాబట్టి చెబుతున్నాను.

కట్టే నక్షత్రానికి పది పొడవాటి వెదురు బద్దలు కావాలి. ఐదేసి బద్దలతో రెండు చుక్కలు కట్టి, కొనల దగ్గర రెండింటినీ కలిపి బిగించాలి. లోపలి ఐదు మూలల్లో చిన్న పుల్లలు అడ్డంగా పెడితే నక్షత్రానికి పొట్ట వస్తుంది. ఆ పుల్ల జారిపోకుండా ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు దారం చుట్టాలి. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. నాన్న బద్దలు చీరేవారు, అమ్మ మైదాపిండి ఉడికించి జిగురు చేసేది, నేనూ తమ్ముడూ రంగు కాగితాలు అంటించేవాళ్లం. బల్బు పెట్టడానికి వెనక కొంత ఖాళీ వదలాలన్నది మర్చిపోయి, అంటించిన కాగితమే మళ్లీ చింపిన ఏడాదులున్నాయి.

కొన్న నక్షత్రానికి మంచు భయం లేదు, వచ్చే ఏడాదికి దాచుకోవచ్చు. మాది పండగ నాటికి అంచులు ఊడేది. అయినా నా ఓటు కట్టినదానికే. నాన్న పక్కన కూర్చుని బద్ద పట్టుకున్న ఆ మధ్యాహ్నం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అలాగని కొనడమే తప్పని నేననను. మా అక్క అత్తగారిది మెదక్. 1924 డిసెంబర్ 25న ప్రారంభమైన అక్కడి పెద్ద చర్చికి క్రిస్మస్ రోజు ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. బయట బొమ్మల దుకాణాలు, మిఠాయి కొట్లు, తిరునాళ్లలా ఉంటుంది. ముందు ఆరాధన, ఆ తర్వాతే పిల్లలకు బొమ్మ. ఆ వరుస నాకు నచ్చింది. నవంబర్ నుంచే ఫోన్‌కు వచ్చే ఆఫర్లు చూసి, అప్పు చేసి మూడేసి జతల బట్టలు కొనడం మాత్రం నాకు నచ్చదు. మనిషికో కొత్త జత చాలు.

కేకు మేం ఎప్పుడూ బేకరీలోనే కొంటాం. అరిసెలు మాత్రం ఇంట్లోనే. మిఠాయి కొట్లో కిలోల లెక్కన దొరుకుతాయి, రుచికి వంక పెట్టలేం. కానీ పాకం చుక్క నీళ్లలో వేసి, వేళ్లతో ఉండ చేసి, "ఇప్పుడు పిండి పోయండే" అని అమ్మమ్మ అన్న క్షణం కొట్లో దొరకదు కదా! పక్కన నిలబడి చూస్తేనే ఆ పాకం పట్టుబడుతుంది. పైగా అరిసెలు పళ్లెంలో పెట్టి ఇరుగుపొరుగుకు పంచుతాం. సంక్రాంతికి ఆ ఇళ్ల నుంచి పళ్లేలు మా ఇంటికొస్తాయి.

అమ్మమ్మ పోయాక పాకం అమ్మ చూస్తోంది. ఈసారి మా అమ్మాయిని పొయ్యి దగ్గర నిలబెడతానంది. రెండు కిలోల బియ్యం చాలు, మొదటి వాయి పాడైనా పర్వాలేదు.